చెట్టుకు మోటారు ఎక్కడుంది? మొక్కలో నీళ్లు, ఆహారం ప్రయాణంపై తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతుంటాను. మా పుట్టిల్లు మిరప పండించే ఇల్లు. అందుకని నా దగ్గరికి వచ్చే ప్రశ్నలు మూడు రకాలు: పరీక్ష భయంతో పిల్లలు అడిగేవి, మిద్దె మీద కుండీలు పెట్టుకున్న ఇరుగుపొరుగు అడిగేవి, పొలం గట్టు మీంచి మా తమ్ముడు ఫోన్ చేసి అడిగేవి. మూడింటికీ జవాబు చాలాసార్లు ఒకచోటే దొరుకుతుంది. మొక్కలో రెండు రకాల గొట్టాలున్నాయి. వాటిలో ఏది ఎక్కడ ఆగిందో చూడకుండానే మనం బిందెడు నీళ్లు గుమ్మరిస్తాం.

మొక్కకు గుండె లేదు, మోటారు లేదు. నీళ్లు పైకెలా ఎక్కుతాయి?

ఎండే ఎక్కిస్తుంది. ఆకు అడుగున కంటికి కనపడనంత చిన్న రంధ్రాలుంటాయి, పత్రరంధ్రాలంటాం. వాటిలోంచి నీరు ఆవిరై బయటికి పోతుంటుంది. పాఠాల్లో దీని పేరు బాష్పోత్సేకం. ఆకు లోపలి తడి గోడల మీంచి ఒక నీటి అణువు ఎగిరిపోతే దాని వెనకున్నది ఆ చోటికి జరుగుతుంది, దాని వెనకది ఇంకాస్త ముందుకొస్తుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ లాగుడు ఈనెల మీదుగా, కొమ్మ మీదుగా, మాను మీదుగా వేరు దాకా పాకుతుంది. చేంతాడుతో బావిలోంచి బొక్కెన లాగినట్టే. కాకపోతే ఇక్కడ తాడూ నీళ్లే, బొక్కెనా నీళ్లే.

డబ్లిన్‌లో హెన్రీ డిక్సన్, జాన్ జోలీ అనే శాస్త్రవేత్తలు 1894లో చెప్పిన సిద్ధాంతం ఇదే. మొక్క తాగిన నీళ్లలో నూటికి 97 పాళ్లకు పైగా ఇలా గాలిలో కలిసిపోతాయి. దుబారాగా కనిపిస్తుంది గానీ మొక్కకు వేరే దారి లేదు. బొగ్గుపులుసు వాయువు లోపలికి రావాలంటే తలుపు తీయాలి, తలుపు తీస్తే తడి బయటికి పోతుంది.

బావి మీద పెట్టిన మోటారు పది మీటర్ల లోతు నుంచి కూడా పీల్చలేదు కదా, తాటిచెట్టు అంతకు రెండింతలు ఎలా పీలుస్తుంది?

ఈ ప్రశ్న వేసిన పిల్లాణ్ణి చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఎందుకంటే వాడు భౌతికశాస్త్రం క్లాసులోనూ మేలుకునే ఉన్నాడన్నమాట.

మోటారు నిజానికి నీటిని లాగదు. పైన గొట్టంలో గాలి తీసేస్తుంది, అప్పుడు బయటి వాతావరణ పీడనం బావిలో నీటిని పైకి నెడుతుంది. ఆ నెట్టుడు శక్తి లెక్క ప్రకారం 10.3 మీటర్లు, ఆచరణలో ఏడెనిమిది మీటర్లు దాటితే కష్టం. మన వాళ్లు మోటారును బావిలోకి దింపి నీటికి దగ్గరగా బిగించేది అందుకే. చెట్టులో అలా కాదు. నీటి స్తంభం మొత్తం సాగదీసిన తాడులా బిగువుగా ఉంటుంది. ఆ బిగువు పది, ఇరవై వాతావరణ పీడనాల దాకా పోతుంది. గొట్టం చాలా సన్నం, గోడలు తడిని అంటిపెట్టుకునే రకం, మధ్యలో గాలి బుడగ ఉండదు. అందుకే తాడు తెగదు. కాలిఫోర్నియాలో 115 మీటర్లు దాటిన రెడ్‌వుడ్ చెట్టు ఉంది, దాని చిటారు కొమ్మకూ నీళ్లు ఇలాగే అందుతున్నాయి.

బుడగ పడితే మాత్రం ఆ గొట్టం పని అయిపోయినట్టే. అప్పుడు మొక్క చాలాసార్లు చేసేది పక్క గొట్టంలోకి దారి మళ్లించుకోవడమే.

దారువు అంటే ఏమిటి, పోషక కణజాలం అంటే ఏమిటి? రెండు మార్కులకు రాసేంత చెప్పండి మేడమ్.

దారువు నీళ్లు, లవణాలు మోసేది. అందులోని నాళాలు చచ్చిపోయిన కణాలు, లోపల ఏమీ లేని ఖాళీ గొట్టాలు. పోషక కణజాలం ఆకులో తయారైన చక్కెర మోసేది. అందులోని చాలనీ నాళాలు బతికున్న కణాలే, కానీ వాటికి కేంద్రకం ఉండదు. పక్కనే ఉండే సహకణం వాటి మంచిచెడ్డలు చూసుకుంటుంది. నీటి గొట్టం ప్రాణం లేనిదైనా పనిచేస్తుంది, ఆహారపు గొట్టానికి ప్రాణం ఉండి తీరాలి. ఈ తేడా ఒక్కటి రాస్తే రెండు మార్కులూ వేస్తాను.

వేరు మట్టిలోంచి నీళ్లు ఎలా తాగుతుంది?

మాగాయ పెట్టడం చూశారా? మా అమ్మ మామిడి ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో పెట్టి మూత వేసేది. ఒక్క చుక్క నీరు పోసేది కాదు. మూడో రోజు మూత తీస్తే ముక్కలు ఊటలో తేలుతుండేవి. ఆ నీళ్లన్నీ ముక్కల్లోంచి వచ్చినవే. ఉప్పు బయట ఎక్కువ, ముక్కలో తక్కువ, కాబట్టి నీరు ఉప్పు ఎక్కువున్న వైపుకు నడిచింది. ఇది ద్రవాభిసరణ.

వేరులో ఇదే తిరగబడి జరుగుతుంది. వేరు కొసకు కాస్త పైన నూగులా ఉండే మూలకేశాల్లో లవణాలూ చక్కెరలూ మట్టి నీటిలో కన్నా ఎక్కువ ఉంటాయి. అందుకని నీరు లోపలికి వస్తుంది. ఆ కణపొరల్లో నీటి కోసమే ప్రత్యేకంగా ద్వారాలున్నాయి. జంతుకణాల్లో అలాంటి ద్వారాన్ని మొదట కనిపెట్టిన పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతిలో సగం దక్కింది. తర్వాత మొక్కల్లోనూ అవి బోలెడన్ని బయటపడ్డాయి.

నారు పీకి నాటినప్పుడు రెండు రోజులు తల వేలాడేసేది ఈ మూలకేశాలు మట్టితో పాటు ఊడిపోవడం వల్లే. సాయంత్రం పూట నాటమని పెద్దలు చెప్పే మాటలో శాస్త్రం ఉంది. కొత్త మూలకేశాలు వచ్చే దాకా ఆకు తక్కువ నీరు ఖర్చు పెట్టాలి.

గులాబీ కుండీలో గుప్పెడు యూరియా వేశాను. మర్నాటికి ఆకులు మాడిపోయాయి. నీళ్లు బాగానే పోశానే?

మీరు గులాబీని మాగాయ పెట్టారు. మట్టిలో లవణం వేరులో కన్నా ఎక్కువైంది, నీరు వేరులోంచి మట్టిలోకి నడిచింది. వెంటనే కుండీ అడుగు రంధ్రంలోంచి ధారగా కారేటట్టు రెండు మూడు సార్లు మంచినీళ్లు పోసి ఎరువు కడిగేయండి. ఈసారి చిటికెడు చాలు, అదీ మొదలుకు దూరంగా.

రోహిణి కార్తెలో మధ్యాహ్నానికి మొక్కలన్నీ వాలిపోతున్నాయి. అప్పుడే నీళ్లు పోయాలా?

రోళ్లు పగిలే ఎండలో మొక్క తల వాల్చకపోతేనే ఆశ్చర్యం. ఆకు ఖర్చు పెట్టే వేగానికి వేరు సరఫరా అందదు, అంతే. కుండీలో వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడండి. లోపల తడి తగిలితే ఊరుకోండి, సాయంత్రానికి అదే లేస్తుంది. అసలు పరీక్ష తెల్లవారుజామున. రాత్రంతా రంధ్రాలు మూసుకుని వేరు తాగినా పొద్దున్నే ఆకు వాలి ఉందంటే మట్టి నిజంగా ఎండిపోయినట్టు, లేదా గొట్టంలో ఏదో అడ్డం పడినట్టు.

ఎండ మరీ ముదిరితే చాలా మొక్కలు మధ్యాహ్నం వేళ పత్రరంధ్రాలు మూసేస్తాయి. నీరు మిగులుతుంది గానీ ఆ గంటల్లో వంట బంద్. కలబంద, బ్రహ్మజెముడు ఇంకా గడుసువి. పగలు తలుపులు బిగించుకుని, చల్లబడ్డాక రాత్రి తీస్తాయి.

పొలంలో నీళ్లు నిలబడే ఉన్నాయి, అయినా మిరప వడలిపోతోంది. ఇదేం చోద్యం?

మా తమ్ముడి ఫోన్ల జాబితాలో మొదటిది ఇదే. మాది నల్లరేగడి. అక్టోబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు వాన కురిస్తే చేలో నీరు దిగదు. మూడో రోజు ఎండ కాయగానే మొక్కలు ఉడకబెట్టినట్టు వేలాడతాయి. ‘అక్కా, నీళ్లలో నిలబడి దాహంతో చస్తున్నాయే’ అన్నాడొకసారి. అంత సరిగ్గా నేను క్లాసులో కూడా చెప్పలేదు.

వేరు కూడా గాలి పీల్చాలి. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోటంతా నీరు నిండితే ఆక్సిజన్ అందదు. అది లేకపోతే వేరు కణాల్లో ఆమ్లం పెరుగుతుంది, ఇందాక చెప్పిన నీటి ద్వారాలు మూసుకుపోతాయి. లవణాలు లోపలికి లాగే శక్తీ తగ్గుతుంది. చుట్టూ నీరే, నోట్లోకి చుక్క పోదు. దీనికి మందు కాలువ తీయడమే. నీరు బయటికి పోయి వేరుకు గాలి తగిలితే రెండు మూడు రోజుల్లో తేరుకునేవి తేరుకుంటాయి. ఈ గందరగోళంలో ఎండు తెగులని పొరబడి మందులు కొట్టిన ఏడాది మాకూ ఉంది. దుకాణంలో చెప్పినవన్నీ కొన్నాం, కాలువ మాత్రం తీయలేదు.

అయితే నిజంగా ఎండు తెగులే కావచ్చు కూడా. నీరు నిలవకుండానే అక్కడక్కడా ఒక్కో మొక్క వడలితే అనుమానించండి. మొక్క పీకి, మొదలు దగ్గర బెత్తెడు కాండం కోయండి. నిలువునా చీలిస్తే లోపల చెక్క గోధుమ రంగుకు తిరిగి ఉందంటే శిలీంధ్రం దారువులో తిష్ఠ వేసినట్టు. ఇంకో ముక్కను గాజు గ్లాసులో తేట నీళ్లలో, కోసిన కొస మాత్రమే మునిగేట్టు పట్టుకోండి. కదపొద్దు. నాలుగైదు నిమిషాల్లో ఆ కొస నుంచి పాలదారాల్లాంటి తెల్లని పోగు కిందికి దిగితే అది బాక్టీరియా. లక్షల కొద్దీ చేరి గొట్టాలు పూడ్చేశాయి. అప్పుడు నీళ్లు పెట్టి లాభం లేదు సరికదా, ఆ పారే నీరే పక్క సాళ్లకు తెగులు మోసుకుపోతుంది.

జగదీశ్ చంద్రబోస్ చెట్టులో గుండెలా కొట్టుకునే కణాలున్నాయని చెప్పారట. అది తప్పా?

1923లో ఆయన ఆ సిద్ధాంతంతో పుస్తకమే వేశారు. కాండం లోపలి పొరలో బతికున్న కణాలు వ్యాకోచిస్తూ సంకోచిస్తూ నీటిని పైకి నెడతాయని ఆయన వాదన. తర్వాతి ప్రయోగాలు దాన్ని నిలబెట్టలేదు. అంతకు ముందే, 1890లలో, జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో స్ట్రాస్‌బర్గర్ అనే వృక్షశాస్త్రవేత్త చెట్లను మొదలంటా కోసి విషద్రావణంలో నిలబెట్టాడు. కాండంలో కణాలు చచ్చిపోయినా ద్రావణం పైకి ఎక్కుతూనే పోయింది, ఆకులు చచ్చే దాకా. బతికున్న కణాలు కొట్టుకోవడం వల్లే నీరెక్కుతుందంటే ఇది జరగకూడదు కదా. మొక్కలు స్పందిస్తాయని, వాటిలో విద్యుత్ సంకేతాలు నడుస్తాయని బోస్ చూపించినవి మాత్రం చెక్కు చెదరలేదు.

నీళ్లు పైకి, ఆహారం కిందికి. ఇంతేనా?

మొదటి సగం సరే. రెండో సగం మీద ప్రతి ఏడూ పిల్లలు మార్కులు పోగొట్టుకుంటారు. ఆహారం ఎక్కడ అవసరమో అక్కడికి పోతుంది. ఆకు నుంచి కింద వేరుకూ పోతుంది, పైన చిగురుకూ పోతుంది, పక్కనున్న కాయకూ పోతుంది.

జర్మనీ అటవీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మ్యుంక్ 1930లో చెప్పిన పద్ధతిని మనం ఇప్పటికీ పాఠంగా చెప్పుకుంటున్నాం. ఆకు తన చక్కెరను చాలనీ నాళంలోకి ఎక్కిస్తుంది. చక్కెర చిక్కబడగానే పక్కనున్న దారువులోంచి నీరు అందులోకి చొరబడుతుంది (మళ్లీ మాగాయే). నాళంలో ఒత్తిడి పెరుగుతుంది. ఎంతంటే కారు టైరులో ఉండే ఒత్తిడికి నాలుగైదు రెట్లు. అటువైపు చివర కాయో దుంపో చక్కెర తీసేసుకుంటుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువ నుంచి తక్కువకు పానకం పారుతుంది, సుమారు గంటకు మీటరు వేగంతో.

దుగ్గిరాల వైపు పసుపు తోట చూడండి. ఎదిగే రోజుల్లో ఆకు వండిందంతా నేలలోని కొమ్ముకు దిగుతుంది. తవ్వే ముందు ఆకులు పండి ఎండిపోయేది కూడా ఉన్న సరుకంతా కిందికి దింపేశాకే. అదే కొమ్మును విత్తనంగా పాతితే అందులోని ఆహారం ఈసారి పైకి, కొత్త మొలకకు ఎక్కుతుంది. అదే మొక్కలో ఆహారం రాకపోకలు రెండు వైపులా ఉంటాయన్నమాట.

మా వీధిలో వేపచెట్టుకు కేబుల్ వాళ్లు తీగ చుట్టారు. తీగకు పైన మాను ఉబ్బింది. ఏమిటిది?

మా వీధి చివరా ఒకటి ఉంది. రోజూ దాని పక్కనుంచే నడుస్తాను. తీగ బెరడులోకి కోసుకుపోయింది. దాని పైన పెదవిలా లావుపాటి వాపు, కింద మాను సన్నగా ఉంది. ఆహారపు గొట్టాలు బెరడు లోపలి పొరలో ఉంటాయి, నీటి గొట్టాలు ఇంకా లోపల చెక్కలో. తీగ నొక్కింది బెరడునే. నీళ్లు మామూలుగా ఎక్కుతున్నాయి, ఆకు పచ్చగానే ఉంది, కిందికి దిగే చక్కెర మాత్రం తీగ దగ్గర ఆగి పోగుపడుతోంది. వేరు పస్తులుంటోంది. అందుకే అలాంటి చెట్టు ఏళ్ల తరబడి బాగానే ఉన్నట్టు కనిపించి, ఒక వేసవిలో ఉన్నట్టుండి పోతుంది. ఇటలీలో మాల్పీగీ అనే శాస్త్రవేత్త 1670లలోనే బెరడు చుట్టూ ఉంగరంలా తీసి ఈ వాపు చూపించాడు. మన వాళ్లు ఫ్లెక్సీలు కట్టి చూపిస్తున్నారు.

కట్టర్‌తో తీగ తెంపండి. లోపలికి పూర్తిగా మూసుకుపోయిన ముక్కను పెరికితే బెరడు ఇంకా చీలుతుంది, దాన్ని అలాగే వదిలేయండి.

ఇదే కిటుకుతో నర్సరీ వాళ్లు అన్నం తింటున్నారు. జామ, దానిమ్మ కొమ్మకు అంగుళం మేర బెరడు ఉంగరంగా ఒలిచి, తడి నాచు పెట్టి ప్లాస్టిక్ కాగితం చుడతారు. పైనుంచి దిగే ఆహారం అక్కడ ఆగి, అక్కడే వేళ్లు పుట్టిస్తుంది. దాన్నే గాలి అంటు అంటాం.

తాటి, కొబ్బరి, అరటికి ఈ లెక్క వర్తించదు. వాటిలో రెండు గొట్టాలూ కట్టలు కట్టలుగా మానంతా చెదిరి ఉంటాయి. బెరడంటూ విడిగా ఒలిచేదేమీ లేదు.

చింతచెట్టు లోపలంతా తొర్ర. అయినా ఏటా కాస్తుంది. ఎలా?

మానులో నీళ్లు మోసేది బెరడు కిందున్న లేత చెక్క మాత్రమే. నడిమధ్య ముదిరిన చెక్కను మనం చేవ అంటాం. చేవలోని గొట్టాలు జిగురుతో, రంగు పదార్థాలతో ఎప్పుడో పూడుకుపోయి ఉంటాయి. అవి చెట్టును నిలబెడతాయి గానీ నీరు మోయవు. కాబట్టి చేవ పుచ్చిపోయినా చెట్టుకు దాహం వేయదు, గాలివానకే భయపడాలి. చేవ చచ్చిన మనిషి అని మనం అనే మాట చెట్టుకు వర్తించదన్నమాట.

తాటికల్లు ఏ గొట్టంలోంచి వస్తుంది?

ఆహారపు గొట్టం లోంచి. నాలుక మీద వేసుకుంటే తెలుస్తుంది, దారువులోని నీరు అంత తీపిగా ఉండదు. పూతకు పోవాల్సిన చక్కెరను గీత కార్మికుడు గెల కొసన కోసి కుండలోకి మళ్లిస్తాడు. కోసిన చోట చాలనీ నాళాలు కాసేపటికి తమను తాము పూడ్చుకుంటాయి, మనకు దెబ్బ తగిలితే నెత్తురు గడ్డకట్టినట్టు. అందుకే పూటపూటకూ పలచగా ఇంకో పొర చెక్కాలి. కుండలో సున్నం పూస్తే పులవకుండా నీరాగా ఉంటుంది, కాచితే తాటిబెల్లం.

పొద్దున్నే చేమ ఆకు కొసన వేలాడే చుక్క మంచేనా?

కాదు. మంచు ఆకంతా పరుచుకుంటుంది. కొసల్లో మాత్రమే ముత్యంలా నిలిచే చుక్క మొక్క లోపలిది. రాత్రి ఆవిరి పోదు, వేరు మాత్రం తాగుతూనే ఉంటుంది, ఒత్తిడి పెరిగి నీరు ఆకు అంచు రంధ్రాల్లోంచి కారుతుంది. బిందుస్రావం అంటాం. వరి నారుమడిలోనూ తెల్లవారుజామున చూడొచ్చు. ఎండెక్కాక ఉండదు.

ఒక మొక్కకు కింది ఆకులు పసుపు, ఇంకో మొక్కకు కొత్త చిగురు పసుపు. రెంటికీ ఒకే మందా?

ఒకటి కాదు. నత్రజని, పొటాష్, మెగ్నీషియం ఆహారపు గొట్టంలో ఎక్కి తిరగగలవు. కొరత వస్తే మొక్క ముసలి ఆకుల్లోంచి తీసి చిగురుకు పంపుతుంది, కాబట్టి కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. ఇనుము, కాల్షియం ఒకసారి ఆకులో దిగితే మళ్లీ బయల్దేరవు. వాటి కొరత చిగురులో కనిపిస్తుంది. ఇనుము లోపమైతే ఈనెలు పచ్చగా, మధ్యలో పాలిపోయి ఉంటుంది.

టమాటా కాయ అడుగు నల్లబడి కుంగేది కూడా ఈ బాపతే. కాల్షియం నీటి గొట్టంలోనే ప్రయాణిస్తుంది, నీరేమో ఆవిరి ఎక్కువ పోయే ఆకు వైపే పరుగెడుతుంది, కాయకు తక్కువ అందుతుంది. నాలుగు రోజులు ఎండగట్టి ఐదో రోజు ముంచేసే అలవాటు మానుకుని రోజూ కొద్దికొద్దిగా పోస్తే సగం కాయలు బాగుపడతాయి. సున్నం సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

పేనుబంక పట్టిన ఆకులు జిగురుగా ఎందుకుంటాయి?

అది పురుగు విసర్జించిన చక్కెర. పేనుబంక తన సూదిలాంటి నోటిని సరిగ్గా చాలనీ నాళంలోకే దించుతుంది. అక్కడి ఒత్తిడికి పానకం దానంతటదే నోట్లోకి వస్తుంది. పురుగుకు కావలసింది అందులో కాసిన్నే ఉండే మాంసకృత్తుల సరుకు, మిగిలిన తీపంతా వెనకనుంచి వదిలేస్తుంది. దాని మీదే నల్లటి మసి తెగులు పెరుగుతుంది. 1953లో శాస్త్రవేత్తలు పీలుస్తున్న పేనుబంక తల దగ్గర కోసేసి సూదిని మాత్రం ఆకులో ఉంచారు. సూది చివర చక్కెరనీరు గంటల తరబడి ఊరుతూనే ఉంది. ఇంతకన్నా సన్నని సిరంజి మనిషి చేయలేకపోయాడు.

డెల్టాలో వరి మాగాణి మినుము మీద అల్లుకునే బంగారు తీగదీ ఇదే వృత్తి. దానికి ఆకుల్లేవు, మొలిచాక వేరూ ఎండిపోతుంది. మినుము కాండంలోకి పీల్చే గొట్టాలు దించి నీళ్లూ ఆహారమూ రెండూ కాజేస్తుంది. మామిడి కొమ్మ మీద బదనిక అంతకన్నా మర్యాదస్తురాలు. నీళ్లు మాత్రం తీసుకుని వంట తనే చేసుకుంటుంది.

అంతర్వాహిక మందు అంటే మొక్కంతా తిరుగుతుందా?

చాలావరకు తిరగదు. రసం పీల్చే పురుగులకు వాడే ఇమిడాక్లోప్రిడ్ లాంటివి నీటి గొట్టంలో ఎక్కుతాయి, అంటే పైకే. విత్తనానికో మొక్క మొదలు దగ్గరో వేస్తే చిగురుకు చేరుతుంది. పై ఆకు మీద కొడితే వేరుకు దిగదు. గ్లైఫోసేట్ లాంటి కలుపు మందు ఆహారంతో కలిసి ప్రయాణిస్తుంది, అందుకే ఆకు మీద పడితే తుంగ గడ్డల దాకా పోతుంది. మందు కొట్టిన గంటకే కలుపు కోసేస్తే ఆ ప్రయాణం మధ్యలోనే ఆగిపోతుంది.

ఇంట్లో పిల్లలకు ఇదంతా ఎలా చూపించాలి?

బజారులో కాడతో ఉన్న తెల్ల లిల్లీపూలు రెండు తెండి. గ్లాసులో సగం నీళ్లు పోసి ఎర్ర సిరా నాలుగు చెంచాలు కలపండి. ఒక కాడ కొసను బకెట్ నీళ్లలో ముంచి ఉంచే కత్తిరించి సిరాలో పెట్టండి. రెండోదాన్ని గాల్లోనే కత్తిరించి, పది నిమిషాలు బల్ల మీద పడేసి, అప్పుడు పెట్టండి. ఫ్యాను కింద ఉంచితే ఆవిరి త్వరగా పోయి పని తొందరగా అవుతుంది. సాయంత్రానికి మొదటి పువ్వు రేకుల్లో ఎర్రటి గీతలు దిగుతాయి. రెండోది చాలాసార్లు వెనకబడుతుంది, కోసిన చోట గొట్టాల్లోకి గాలి దూరింది కాబట్టి. తర్వాత ఆ కాడను బ్లేడుతో అడ్డంగా కోయండి. ఎర్రటి చుక్కలు చెదిరి కనిపిస్తాయి. అవే దారువు. మా క్లాసులో ఒక పిల్ల ఆ చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, బెల్లు కొట్టినా లేవలేదు.